రాయి దిగని బుల్లెమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్టు లేదు, పుట్ట లేదు, పులి ఊసే లేదు. నాలుగు వైపులా అద్దాలు, పైన నీలం దీపం, లోపల నిండుగా ఉప్పునీళ్లు. ఇదేం అడవి అని మూతి విరవకండి. పగడాలు పూసే అడవి ఇలాగే ఉంటుంది. పోనీ ఎక్కడో సముద్రం అడుగున ఉందా అంటే అదీ కాదు. కాకినాడలో, వంటల నూకరాజు ఇంట్లో, ముందుగదిలో గోడ పక్కన బల్ల మీద ఉంది.

నూకరాజు పెళ్లిళ్లకు వంటలు చేసేవాడు. వెయ్యిమందికి గుత్తివంకాయ కూర వండమన్నా కంగారుపడని మనిషి. అలాంటివాడికి ఆ గాజు తొట్టి అంటే ప్రాణం. పని నుంచి రాగానే ముందు తొట్టి దగ్గరికే వెళ్లేవాడు. "చేపలు తిన్నాయా అని అడుగుతారు గానీ, నేను తిన్నానా అని ఒక్కరోజూ అడగరు" అని భార్య హైమావతి నవ్వుతూనే దెప్పేది. వాళ్లకు నెలల చంటిది ఉంది. ఆ పిల్ల ఉయ్యాల వంటగది గుమ్మానికి ఇవతల, తొట్టికి ఎదురుగానే కట్టి ఉండేది.

ఆ తొట్టిలో బుల్లెమ్మ అనే రొయ్య కాపురం ఉండేది. మన కథ దానిదే. ఎర్రటి ఒళ్లు, తల నుంచి తోక దాకా వీపు మీద ఒక తెల్లటి చార, ఒంటికంటే పొడుగైన తెల్లటి మీసాలు. బుల్లెమ్మ పని ఏమిటంటే, అందరినీ శుభ్రం చెయ్యడం. ఏ చేప దవడలో మేత ఇరుక్కున్నా, ఏ చేప రెక్క మీద పురుగు పట్టినా ఆ చేప బుల్లెమ్మ ఉండే రాతి దగ్గరికి వచ్చి నోరు తెరుచుకుని నిలబడేది. బుల్లెమ్మ లోపలికి వెళ్లి ఓపిగ్గా ఏరి, తిని, బయటికి వచ్చేది. వాటి ఒళ్లు బాగుపడేది, దీని కడుపు నిండేది.

రోజూ పొద్దున్నే నూకరాజు కూడా చెయ్యి మంచినీళ్లతో కడుక్కుని తొట్టిలో పెట్టేవాడు. బుల్లెమ్మ ఆ చేతి మీదికి ఎక్కి గోళ్ల సందుల్లో ఏరేది. ముందురోజు వంట తాలూకు పసుపో, పిండో ఏదో ఒకటి దొరికేది. నూకరాజుకు చక్కిలిగిలి పుట్టి కిలకిలా నవ్వేవాడు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా నవ్వడం హైమావతికి వింతగా ఉండేది.

బుల్లెమ్మకు ఆ చెయ్యంటే ఎందుకంత ఇష్టమో చెప్పాలి. ఒకసారి తుఫాను వచ్చింది. ఊరంతా కరెంటు పోయింది. తొట్టిలో గాలి మోటారు ఆగిపోయింది. నీళ్లలో గాలి అయిపోయి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు వెళ్లబెట్టాయి. అప్పుడు నూకరాజు ఒక చెంబు పుచ్చుకుని, టీ తిరగపోసినట్టు ఆ నీళ్లు ముంచి పైనుంచి పొయ్యడం మొదలుపెట్టాడు. కరెంటు వచ్చేదాకా పోస్తూనే ఉన్నాడు. కుడిచెయ్యి పడిపోతే ఎడమచేత్తో పోశాడు. ఆ రోజు ఒక్క ప్రాణి కూడా పోలేదు. బుల్లెమ్మ ఆ సంగతి ఒక్కనాడూ మరిచిపోలేదు. మరిచిపోవడం దానికి చేతకాదు.

తొట్టిలో నారింజయ్య అనే చేప ఉండేవాడు. నారింజరంగు ఒంటి మీద మూడు తెల్లపట్టీలు. తొట్టి అంతా తన సొంతమన్నట్టు తిరిగేవాడు. శంఖయ్య అనే ముసలి పీత ఉండేవాడు. వీపు మీద శంఖం మోసుకుంటూ, నెలకో శంఖం మారుస్తూ, ఏ శంఖమూ బాగాలేదని సణుగుతూ ఉండేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు నూకరాజు ఒక కొత్త రాయి తెచ్చాడు. సామర్లకోటలో ఎవరో తొట్టి తీసేస్తూ ఉంటే అడిగి తెచ్చుకున్నాడట. ఆ రాతి మీద ఒక పక్కగా పది, పన్నెండు బొత్తాల్లాంటి పువ్వులు ఉన్నాయి. గోధుమరంగు రేకులు, మధ్యలో లేత ఆకుపచ్చ. నీలం దీపం వెలిగితే అవి మెరిసేవి. అవి పువ్వులు కావు లెండి, ప్రాణమున్న జీవులే. అన్నీ కలిసి ఒకటే ఒళ్లు, ఒకటే మాట. అందరూ వాటిని కలిపి బొత్తాల మామ్మ అని పిలిచేవారు.

మామ్మ వచ్చిన రోజే అందరినీ పిలిచి ఒక మాట చెప్పింది. "నాయనలారా, నా ఒంట్లో విషం ఉంది. దాచి మీలో ఉండటం నాకిష్టం లేదు. నా జోలికి రాకపోతే నేను ఎవరినీ ఏమీ చెయ్యను. నన్ను గీకితే, కోస్తే, ఉడికిస్తే మాత్రం ఆ విషం బయటికి వస్తుంది. ఆపుకోవడం నా వల్ల కాదు."

నారింజయ్య ఫక్కుమన్నాడు. "విషం ఉన్నవాళ్లకు ముళ్లుండాలి, కోరలుండాలి. నిన్ను చూస్తే చొక్కాకు కుట్టుకోవాలనిపిస్తోంది."

"మెత్తగా ఉన్నాననే నాకు భయం నాయనా" అంది మామ్మ. "ముళ్లుంటే ఎవరూ దగ్గరికి రారు. నా దగ్గరికి అందరూ వస్తారు."

శంఖయ్య మామ్మ మీదుగా పాక్కుంటూ ఇటు నుంచి అటు వెళ్లాడు. అతనికి ఏమీ కాలేదు. దాంతో అందరూ ఆ మాట మరిచిపోయారు. బుల్లెమ్మ కూడా నిజానికి అంతగా పట్టించుకోలేదు. ముసలివాళ్లు జాగ్రత్తలు చెబుతూనే ఉంటారు కదా అనుకుంది.

నెలలు గడిచాయి. పది బొత్తాలు యాభై అయ్యాయి. యాభై వంద అయ్యాయి. నూకరాజు మూడేళ్లుగా పెంచుకుంటున్న ఆకుపచ్చ పగడం అంచులదాకా మామ్మ పాకిపోయింది. పగడం ఊపిరాడక తెల్లబడటం మొదలుపెట్టింది.

"చూశావా, చోటిచ్చిన పాపానికి ఇల్లంతా ఆక్రమించింది" అన్నాడు నారింజయ్య.

"ఎదగడం తప్ప నాకేం తెలుసు నాయనా" అంది మామ్మ, సిగ్గుపడుతూ. "ఎవరైనా నన్ను విడిగా పెడితే బాగుండును."

నూకరాజు కూడా చూశాడు. ఆయనకు ఆ బొత్తాల పేరు తెలియదు, ఊరు తెలియదు. కలుపు మొక్కలనుకున్నాడు. ఒకరోజు చెయ్యి పెట్టి, వేళ్లతో నాలుగు బొత్తాలు గిల్లి పారేశాడు. కాసేపటికి వేలి చివర్లు తిమ్మిరెక్కాయి. ఎంత విదిల్చినా పోలేదు.

"నిన్న రెండు బస్తాల ఉల్లిపాయలు తరిగానే, దాని ప్రతాపం" అన్నాడు హైమావతితో.

వారం తరవాత కత్తిపీట పక్కనుండే చిన్న చాకు తెచ్చి, రాతిని సగం పైకి లేపి గీకాడు. నీటి చుక్క ఎగిరి కంట్లో పడింది. కన్ను ఎర్రగా వాచింది. నోట్లో రాగిచెంబు నాకినట్టు ఒక రుచి వచ్చి సాయంత్రందాకా ఉంది.

"పొద్దున పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించాను. ఆ ఘాటే ఇది" అన్నాడు. చూశారా, వంటవాడికి ప్రతి మంటకూ వంటింట్లోనే ఒక కారణం దొరుకుతుంది.

కానీ బుల్లెమ్మ చూసింది. మర్నాడు పొద్దున ఆ చెయ్యి ఎక్కి గోళ్లు ఏరుతుంటే, ఆయన నవ్వలేదు. వేళ్లకు చక్కిలిగిలి తెలియడం లేదు. బుల్లెమ్మ ఆ చెయ్యి దిగింది. సరాసరి మామ్మ దగ్గరికి వెళ్లింది.

"మామ్మా, ఆ రోజు నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే తల్లీ. ఇప్పటిదాకా ఆయన చేసింది చిన్న పని. నాకు భయం ఇంకోదానికి" అంది మామ్మ. అంటూ పాత ఇంటి సంగతి చెప్పుకొచ్చింది. "సామర్లకోటలో నేనున్న తొట్టి యజమానికి కూడా మేం ఎక్కువైపోయాం. ఆయన మా వాళ్లున్న ఒక రాయి తీసి, మమ్మల్ని చంపుదామని పళ్లెంలో పెట్టి మరిగే నీళ్లు పోశాడు. గదినిండా ఆవిరి లేచింది. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ముందు ఆయన దగ్గాడు. తరవాత ఆయన తల్లి దగ్గింది. తరవాత ఇద్దరూ నేల మీద కూర్చుండిపోయారు. ఎవరో వచ్చి తీసుకెళ్లారు. ఎనిమిది రోజులు మాకు దీపం వెలగలేదు, మేత పడలేదు. ప్రాణాలతో తిరిగొచ్చారు, అంతవరకు అదృష్టం. కానీ ఏం తగిలి పడిపోయారో వాళ్లకీ తెలియదు. తిండి పడలేదనుకున్నారు. ఇక ఓపిక లేదని తొట్టి తీసేశారు."

"అందుకేనా వాళ్లు నూకరాజుకు ఏమీ చెప్పలేదు?"

"తెలిస్తే కదా చెప్పడానికి" అంది మామ్మ.

ఆ మర్నాడు వాన. పొద్దున్నించీ ఒకటే ముసురు. జల్లు కొడుతోందని హైమావతి వంటింటి కిటికీ మూసేసింది. చంటిది ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఆ రోజు పెళ్లి ఒప్పందం ఏదీ లేక నూకరాజు ఇంట్లోనే ఉన్నాడు. తొట్టి ముందు నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, పగడం వంక చూసి నిట్టూర్చాడు.

"హైమా, పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు పెట్టు. గీకితే పోయేలా లేవు ఇవి. మరిగే నీళ్లు పోస్తే ఎంత జిడ్డైనా వదులుతుంది. ముప్పై ఏళ్ల నుంచి డేగిశాలు అలాగే కడుగుతున్నాను."

తొట్టిలో అందరికీ ఆ మాట వినిపించింది. నారింజయ్య కూడా రెక్క ఆడించలేదు.

"బుల్లెమ్మా" అంది మామ్మ. "నేను పోతే పోతాను. ముసలిదాన్ని. నాకు దాని బాధ లేదు. పాత ఇంట్లో వాళ్లు నన్ను కలుపనుకున్నారు. ఈయన నేను వచ్చిన రోజు నుంచీ నాకు దీపం పెట్టాడు, నీళ్లు మార్చాడు, మేత వేశాడు. నా వల్ల ఆయన ఇంటికి చేటు వస్తే నేనెలా తట్టుకోను? అదిగో ఉయ్యాల. నాకు కాళ్లు లేవు తల్లీ. నేనక్కడి నుంచి కదలలేను. నీకు పది ఉన్నాయి."

బుల్లెమ్మ ఒకసారి ఉయ్యాల వైపు చూసింది. ఒకసారి నీటి పైభాగం వైపు చూసింది. నీళ్లు దాటితే దాని ఊపిరి ఎంతసేపు ఉంటుందో దానికి తెలుసు. ఎంతోసేపు ఉండదు.

"నీకెందుకు వచ్చిన గొడవ?" అన్నాడు నారింజయ్య. "రాయి పోతే మనకు చోటు వస్తుంది. మనుషుల సంగతి మనుషులు చూసుకుంటారు. ఆయనతో నువ్వు మాట్లాడగలవా? మాట్లాడలేవు. మరి వెళ్లి ఏం చేస్తావు?"

"ఏం చేస్తానో నాకూ తెలియదు బాబాయ్" అంది బుల్లెమ్మ. "కానీ తుఫాను రోజు ఆయన కూడా ఏం చెయ్యాలో తెలిసి చెంబు పుచ్చుకోలేదు." అని ఈదుకుంటూ వెళ్లి మామ్మ రాయి నెత్తిన కూర్చుంది.

నూకరాజు చెయ్యి నీళ్లలోకి వచ్చింది. రాతిని పట్టుకుని పైకి లేపబోతే మీసాలు ఊపుతూ బుల్లెమ్మ కనిపించింది.

"ఏటే బుల్లెమ్మా, ఇక్కడేం పని నీకు? దిగు" అని వేలితో మెల్లిగా తోశాడు. బుల్లెమ్మ నీళ్లలో పల్టీకొట్టి, మళ్లీ వచ్చి ఎక్కింది.

"ఈ రోజు దీనికేదో పూనింది" అని నూకరాజు చిన్న వల తెచ్చి, దాన్ని పట్టి, తొట్టి ఆ చివర వదిలాడు. వలలో చిక్కుకుని ఎడమ మీసం సగానికి తెగింది. నొప్పి పుట్టింది. అయినా బుల్లెమ్మ ఇసుక వెంబడి, శంఖయ్య పక్కనుంచి, పగడం కిందనుంచి పరుగెత్తుకుని వచ్చింది.

ఈసారి నెత్తిన కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ తోసేస్తాడు. రాతి అడుగున ఒక బొరియ ఉంది. అందులో దూరి పది కాళ్లతో గట్టిగా పట్టుకుంది. రాయి నీళ్లు కార్చుకుంటూ పైకి లేచింది. వెలుతురు మారింది. బుల్లెమ్మకు తన ఒంటి బరువు మొదటిసారి తెలిసింది. సముద్రంలో పుట్టినవాళ్లకు బరువుండదు, గాలిలోకి వచ్చాకే ఉంటుంది.

రాయిని తీసుకెళ్లి వంటింటి గట్టు మీద ఒక బేసిన్లో పెట్టాడు నూకరాజు. పక్కనే పొయ్యి మీద నీళ్లు సలసలా మరుగుతున్నాయి. కిటికీ మూసి ఉంది. హైమావతి అవతల కూర తరుగుతోంది. గుమ్మంలో ఉయ్యాల కొంచెం ఊగుతోంది.

నూకరాజు మసిగుడ్డ రెండు చేతులకూ చుట్టుకుని గిన్నె దించబోయాడు. గుడ్డ పల్చగా ఉన్నట్టుంది, చెయ్యి కాలింది. ఆ గుడ్డ తీసేసి, ఇంకోటి వెతుక్కుంటూ ఎడమచెయ్యి బేసిన్ అంచు మీద ఆనించాడు.

ఇదే సమయం. బుల్లెమ్మ బొరియలోంచి బయటికి వచ్చింది. కళ్లు మసకబారుతున్నాయి. కాళ్లు మాట వినడం లేదు. మామ్మ బొత్తాలన్నీ గాలికి ముడుచుకుపోయి జిగురు కారుతున్నాయి. "నా మీద నుంచి వెళ్లకు తల్లీ, పక్కనుంచి వెళ్లు" అంటోంది మామ్మ, చాలా సన్నగా. బుల్లెమ్మ పక్కనుంచే పాకింది. బేసిన్ గోడ జారుతోంది. ఒకసారి ఎక్కి జారింది. రెండోసారి ఎక్కి జారింది. మూడోసారి అంచు దొరికింది. అంచు మీద ఆయన వేలు ఉంది.

మాట్లాడటం రాదు. కేక పెట్టడం రాదు. బుల్లెమ్మకు వచ్చిన పని ఒక్కటే. ఆ వేలు మీదికి ఎక్కి, గోటి సందులో ఏరడం మొదలుపెట్టింది.

ఆ వేళ్లకు తిమ్మిరి ఇంకా పూర్తిగా వదల్లేదు. ముందు ఆయనకేమీ తెలియలేదు. బుల్లెమ్మ ఇంకా గట్టిగా ఏరింది. నూకరాజు చెయ్యి ఆగింది. తల వంచి చూశాడు.

"ఓలమ్మో, ఇదెక్కణ్ణించి వచ్చింది?" అని ఆయన రెండు చేతులూ దోసిలిపట్టి, తొట్టి దగ్గరికి పరుగెత్తి, బుల్లెమ్మను నీళ్లలో వదిలాడు. అది ఇసుక మీద వెల్లకిలా పడింది. కాసేపు కదల్లేదు. నారింజయ్య చుట్టూ తిరుగుతూ రెక్కలతో దాని మీదికి నీళ్లు విసిరాడు. ఎప్పుడూ ఎవరికీ ఏమీ చెయ్యనివాడు ఆ రోజు ఆ పని చేశాడు. మెల్లిగా ఒక కాలు కదిలింది. తరవాత ఇంకోటి కదిలింది.

నూకరాజు అద్దానికి ముక్కు ఆనించి అదంతా చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రొయ్య బతికింది, ఇక వెళ్లి ఆ నీళ్లు పోసేద్దాం అనుకునేవాడే. కానీ మనసు ఊరుకోలేదు. రెండుసార్లు దించినా మళ్లీ ఆ రాతినే ఎందుకు పట్టుకుంది? దీనికేమైనా జబ్బు చేసిందా? తడిచేత్తోనే ఫోను తీసి, తొట్టి ఉప్పు, మేత అమ్మే జరీనాకు చేశాడు. చేతులు తడిగా ఉన్నాయని గట్టిగా వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు. బుల్లెమ్మకు ప్రతి మాటా వినిపించింది.

"జరీనా గారూ, మా రొయ్యకు పిచ్చెక్కిందండి. ఒక రాతిని పట్టుకుని ఎంతకీ వదలట్లేదు. ఏం మందు వెయ్యమంటారు?"

"ఏ రాయండి అది?"

"గోధుమరంగు బొత్తాల్లాంటివి ఉంటాయి చూడండి, అదండి. పగడాన్ని తినేస్తున్నాయని బయటికి తీశాను. మరిగే నీళ్లు పోసి వదిలిద్దామని."

ఆ మాట వినగానే జరీనా గొంతు మారిపోయింది. "నూకరాజు గారూ, పోశారా?"

"లేదండి. పొయ్యబోతుంటేనే ఈ రొయ్య..."

"ముందు స్టౌ కట్టేయండి. ఇంకేం చెప్పకండి, ముందు కట్టేయండి. కిటికీలు తియ్యండి. పాపను, హైమ గారిని పక్కింటికి పంపండి. ఆ రాయి ముట్టుకోకండి. నేను వస్తున్నాను."

జరీనా వానలో తడుస్తూనే వచ్చింది. మోచేతులదాకా రబ్బరు తొడుగులు, కళ్లకు పెద్ద అద్దాలు, మూతికి గుడ్డ. రాతిని ఉప్పునీళ్ల బకెట్లో ముంచి మూతపెట్టాక గాని ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

"ఇవి చూడటానికే బొత్తాలు. వీటిల్లో కొన్నిటి ఒంట్లో ఎంత విషం ఉంటుందో తెలుసా? ఇదిగో ఇలాంటి మూసేసిన గదిలో మరిగే నీళ్లు పోస్తే ఆవిరితోపాటు గాలిలోకి ఎక్కుతుంది. పెద్దవాళ్లే పడిపోతారు. ఇక ఆ పాపంటారా..." అని ఆమె ఉయ్యాల వైపు చూసింది. "గీకినప్పుడు మీకేమీ అనిపించలేదా?"

నూకరాజు తన వేళ్ల వంక చూసుకున్నాడు. "వేళ్లు తిమ్మిరెక్కాయండి. కన్ను వాచింది. నోరు అదోలా అయింది. ఉల్లిపాయలనుకున్నాను, మిరపకాయలనుకున్నాను." ఆయన పొయ్యి మీది గిన్నె వంక చూశాడు. "ముప్పై ఏళ్ల వంటలో మరిగే నీళ్లతో కడగనిదే నాకు నమ్మకం కుదరదండి."

"వంటింటి మురికికి అది సరే. ఇది మురికి కాదు కదా, ప్రాణి" అంది జరీనా. "ఇవాళే డాక్టరుకు చూపించుకోండి. ఏం ముట్టుకున్నారో మరిచిపోకుండా చెప్పండి. వాళ్లకు మనం చెబితేనే తెలుస్తుంది."

"మరి ఈ రాతిని పారెయ్యమంటారా?"

"పారేస్తే ఇంకెవరి చేతికో చిక్కుతుంది. తెలిసినవాళ్ల దగ్గర ఉండటమే మేలు. దీన్ని ఇసుక మధ్యలో, మిగతా రాళ్లకు తగలకుండా విడిగా పెడతాను. అప్పుడు పాకదు. తొట్టిలో చెయ్యి పెట్టేటప్పుడు తొడుగులు వేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. ఏ రాయి తెచ్చుకున్నా దాని పేరేమిటో, గుణమేమిటో నన్నో ఇంకొకరినో అడిగాకే నీళ్లలో దించండి."

అలా బొత్తాల మామ్మ ఇసుక మధ్యలో ఒంటరి దీవిలా కూర్చుంది. ముడుచుకున్న బొత్తాలు రెండు రోజులకు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మామ్మకు అన్నిటికంటే ముందు కావలసింది ఒక్కటే.

"బుల్లెమ్మా, ఆ పిల్ల ఎలా ఉంది?"

"ఇప్పుడే పాలు తాగింది మామ్మా."

మామ్మ బొత్తాలు ఇంకొంచెం విచ్చుకున్నాయి. తరవాత అంది, "నా జన్మలో నా వల్ల ఒకరికి మేలు జరగలేదు. కీడు జరగకుండా చూశావు. నాకు అదే చాలు తల్లీ. నీ రుణం ఎలా తీర్చుకోను?"

"నిజం చెప్పింది నువ్వు. నేను విని ఊరుకోలేదు, అంతే" అంది బుల్లెమ్మ. "మొదటి రోజే విని ఉంటే ఆయన వేళ్లు తిమ్మిరెక్కేవి కావు. అది నా తప్పు."

నారింజయ్య దగ్గరికి వచ్చాడు. క్షమించమని అడగడం అతనికి అలవాటు లేని పని. "మామ్మా, నీ దీవి చుట్టూ పిల్లచేపల్ని రానివ్వను. కాపలా నాది" అన్నాడు. మామ్మ ఆ మాటకు సంతోషించింది.

నూకరాజు డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడు. ఆయన వేళ్లు బాగుపడటానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఇంటికి ఎవరొచ్చినా, ముందు ఇసుక మధ్యనున్న రాతిని చూపించి అది ఏమిటో చెప్పేవాడు. తరవాత సగం మీసం తెగిన రొయ్యను చూపించి, "మా ఇంటికి పెద్దదిక్కు అదేనండి" అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

ఇదంతా తరవాతి మాట గానీ, ఆ వానరోజు సాయంత్రమే, ముసురు వెలిశాక, ఒక సంగతి జరిగింది. చెప్పుకోవడానికి అది పెద్ద సంగతేమీ కాదు. పక్కింటి నుంచి హైమావతి పాపను తీసుకొచ్చింది. వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది. గట్టు శుభ్రంగా కడిగి ఉంది. ఆమె పొయ్యి వెలిగించి పప్పు పెట్టింది. ఆవిరి లేచింది. అది వట్టి కందిపప్పు ఆవిరి. చంటిది తల్లి చంకలోంచి ఆ ఆవిరి కేసి చేతులు చాపి ఒకటే కేరింతలు కొట్టింది. ముగ్గురూ కూర్చుని వేడి వేడిగా అన్నం తిన్నారు. చంటిది మెతుకులు నేలంతా చల్లింది. ఎవరూ దగ్గలేదు. ఎవరూ పడిపోలేదు. ఆ ఇంట్లో ఆ రోజు ఏమీ జరగలేదు.

బుల్లెమ్మ అద్దం దగ్గర నిలబడి, ఏమీ జరగని ఆ ఇంటిని కడుపునిండా చూసుకుంది.

నీతి: మెత్తగా, అందంగా కనిపించేదైనా సరే, అదేమిటో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వెయ్యకూడదు. మనకు మేలు చేసినవాళ్లకు ఆపద రాబోతోందని తెలిస్తే, మనకు చేతనైనంతలో అడ్డుపడటమే అసలైన కృతజ్ఞత.